అరవయ్యో రోజు, ఆఖరి నిమిషంలో చేర్చిన సెక్షన్: ఒక డిఫాల్ట్ బెయిల్ కేసు పరిశీలన

నేపథ్యం

ఒక ప్రైవేటు వ్యాపార సంస్థలో నెలజీతం మీద పనిచేస్తున్న అకౌంట్స్ గుమాస్తా మీద వచ్చిన కేసు ఇది. వసూలైన సొమ్ము కొంత బ్యాంకులో జమ చేయకుండా సొంతానికి వాడుకున్నాడని, లెక్కలు తారుమారు చేశాడని యజమాని ఫిర్యాదు. పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో పెట్టిన సెక్షన్లు మూడు. భారతీయ న్యాయ సంహిత 316(4), అంటే గుమాస్తా లేదా సేవకుడు చేసే నేరపూరిత నమ్మకద్రోహం. 318(4), మోసం. 344, లెక్కల తారుమారు. మూడింటిలో ఏ ఒక్కదానికీ 7 ఏళ్లకు మించి శిక్ష లేదు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరిగింది.

ఊరు, సంస్థ, సొమ్ము ఎంత అన్న వివరాలు వదిలేశాను. తేదీలు కూడా మార్చాను. అయితే ఒక తేదీకీ మరో తేదీకీ మధ్య ఉన్న దూరం, ఏది సెలవు రోజు అన్నది ఉన్నది ఉన్నట్టే ఉంచాను. అవి మారితే కేసే మారిపోతుంది.

జూన్ 9 రాత్రి అరెస్టు చేశారు, 10న మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు. రిమాండ్ విధించారు, సబ్ జైలుకు పంపారు. ఆ రోజు నిందితుడి తరఫున న్యాయవాది ఎవరూ లేరు. కుటుంబం మా దగ్గరికి వచ్చేసరికి మొదటి వారం గడిచిపోయింది.

చట్టం చెప్పేదేమిటి

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22(2) అధికరణం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 58వ సెక్షన్ రెండూ చెప్పేది అదే. అంతకు మించి కస్టడీలో ఉంచాలంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ అధికారం 187వ సెక్షన్‌లో ఉంది. 2024 జూలై 1కి ముందు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 167గా అందరికీ తెలిసిన సెక్షనే ఇది.

దర్యాప్తు పూర్తికాకుండా మనిషిని జైల్లో ఉంచడానికి 187(3) ఒక హద్దు గీసింది. మరణశిక్ష, యావజ్జీవం, లేదా 10 ఏళ్లు అంతకు మించి శిక్ష పడే నేరమైతే 90 రోజులు. మిగతా నేరాలకు 60 రోజులు. ఆ గడువులో ఛార్జిషీటు రాకపోతే, జామీను ఇవ్వడానికి నిందితుడు సిద్ధంగా ఉంటే, విడుదల చేయాల్సిందే. నేరం ఎంత తీవ్రమైంది, సాక్షులను బెదిరిస్తాడా, సొమ్ము తిరిగి వచ్చిందా అన్న ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు. దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటున్నాం. ఇది జీవితం, వ్యక్తిగత స్వేచ్ఛలకు రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమైన హక్కు అని 2020లో బిక్రమ్‌జిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఈ హద్దు ఎందుకున్నదో తెలియకపోతే దాని బలం అర్థం కాదు. దర్యాప్తుకు కాలపరిమితి లేదు. 60 రోజులు దాటాక కూడా పోలీసులు దర్యాప్తు సాగించవచ్చు, ఛార్జిషీటు వేయవచ్చు. ఆగిపోయేది ఒక్కటే, ఆ మనిషిని లోపలే ఉంచి దర్యాప్తు చేసే అధికారం.

మా ముందున్న సమస్య

మేం వకాలత్ వేసేనాటికి చేతిలో ఉన్నవి ఎఫ్‌ఐఆర్ నకలు, రిమాండ్ రిపోర్టు. రిమాండ్ రిపోర్టులో రెండు విషయాలు కనిపించాయి. ఒకటి, నిందితుడిని "సదరు సంస్థలో జీతానికి పనిచేయుచున్న అకౌంట్స్ గుమాస్తా"గా పోలీసులే వర్ణించారు. రెండు, అరెస్టు ఎందుకు అవసరమో చెప్పే కారణాలు అచ్చు ఫారంలో టిక్కులుగా ఉన్నాయి.

7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అనివార్యమని పోలీసులు నమోదు చేసిన కారణాలతో చూపాలి. లేకుంటే సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలిపించుకోవాలి. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు నుంచి ఇది ప్రతి మేజిస్ట్రేట్‌కూ తెలిసిన విషయం. కాబట్టి మొదటి ఆలోచన సహజంగానే మామూలు బెయిలు మీదికి పోయింది.

ప్రయత్నించినవి, పని చేయనివి

జూన్ మూడో వారంలో మేజిస్ట్రేట్ కోర్టులో అదే సంహిత 480 కింద బెయిలు పిటిషన్ వేశాం. 35(3) నోటీసు ఇవ్వలేదన్నది ప్రధాన వాదన. లెక్కల పుస్తకాలు నిందితుడి చేతిలో ఉన్నాయి కాబట్టి సాక్ష్యం తారుమారు చేసే ప్రమాదముందని కారణం రాశామని ఏపీపీ (ప్రభుత్వం తరఫు సహాయ న్యాయవాది) కౌంటర్ వేశారు. కోర్టు దాన్ని ఒప్పుకుంది. ఈలోగా పోలీసులు 3 రోజుల పోలీసు కస్టడీ కూడా తీసుకున్నారు. 60 రోజుల కేసుల్లో తొలి 40 రోజుల్లో, మొత్తం 15 రోజులకు మించకుండా, విడతలుగా అడిగే వీలు కొత్త చట్టంలో ఉంది. పాత అలవాటు మీద "మొదటి 15 రోజులు అయిపోయాయి, ఇక పోలీసు కస్టడీ ఉండదు" అని కుటుంబానికి భరోసా ఇచ్చే న్యాయవాదులు ఇప్పటికీ ఉన్నారు. ఆ భరోసా ఇక చెల్లదు.

అరెస్టు చట్టవిరుద్ధమన్న వాదన ఈ దశలో ఎందుకు ఓడిపోతుందో చెప్పుకోవాలి. దానికి పదును ఉండేది మొదటి రిమాండ్ రోజే. ఆ రోజు మేజిస్ట్రేట్ అడగాల్సిన ప్రశ్న "ఇతణ్ని లోపల పెట్టడానికి కారణం ఏది?". బెయిలు పిటిషన్ దశకు వచ్చేసరికి ప్రశ్న "ఇతణ్ని వదలడానికి కారణం ఏది?" అయిపోతుంది. అరెస్టులో లోపం అప్పుడు పది అంశాల్లో ఒకటిగా మిగులుతుంది. మొదటి హాజరు నాడే న్యాయసహాయం గురించి నిందితుడికి చెప్పడం మేజిస్ట్రేట్ బాధ్యత అని 2012లో అజ్మల్ కసబ్ తీర్పు చెప్పింది. న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది ఆ పూట పక్కన నిలబడి అచ్చు ఫారం టిక్కుల మీద పది నిమిషాలు వాదించి ఉంటే ఈ కేసు వేరేలా నడిచేదని ఇప్పటికీ నమ్ముతాను.

జూలై 10న సెషన్స్ కోర్టు కూడా 483 కింద వేసిన పిటిషన్‌ను కొట్టేసింది. ఆడిట్ సాగుతోందన్నది కారణం.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. హైకోర్టుకు వెళ్లాలా, ఆగాలా? కుటుంబం వెంటనే వెళ్లమంది. అప్పటికి 31వ రోజు. హైకోర్టులో పిటిషన్ నంబరై, పీపీకి (ప్రభుత్వ న్యాయవాదికి) సూచనలు అంది, వాదనకు వచ్చేసరికి 45, 50 రోజులు అవుతాయి. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందని హైకోర్టు అడిగితే, దర్యాప్తు అధికారి ఆ వారంలోనే ఛార్జిషీటు సిద్ధం చేసుకుంటారు. పైగా గుణదోషాల మీద వాదించాలంటే మన రక్షణ వాదన అంతా ముందే బయటపెట్టాలి. ఆడిట్ నివేదిక ఇంకా రాలేదు, అది లేకుండా ఛార్జిషీటు వేయడానికి పోలీసులు తొందరపడటం లేదని కోర్టు వాతావరణాన్ని బట్టి తెలుస్తూనే ఉంది. ఆగాలని నిర్ణయించాం. ఒక మనిషిని ఇంకో నెల జైల్లో ఉండనివ్వడం తేలిక మాట కాదు. అందుకే రెండు దారుల లాభనష్టాలూ జైలు ములాఖత్‌లో నిందితుడికే వివరించి, ఆయన ఒప్పుకున్నాకే ఆగాం. ఆ నిర్ణయం ఆయనది కావాలి, బంధువులది కాదు, న్యాయవాదిది అంతకన్నా కాదు.

రోజుల లెక్క

ఈ కేసులో అందరూ తడబడ్డ చోటు ఇదే కాబట్టి విడమర్చి చెబుతాను.

లెక్క అరెస్టు రోజు నుంచి మొదలు కాదు, రిమాండ్ విధించిన రోజు నుంచి మొదలవుతుంది. 1986లో చాగంటి సత్యనారాయణ కేసులో, అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే, సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. మరి ఆ రిమాండ్ రోజును లెక్కలో కలపాలా, తీసేయాలా? దీని మీద చాలా ఏళ్లు పరస్పర విరుద్ధమైన తీర్పులు ఉన్నాయి. 2023 మార్చి 27న ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, కపిల్ వాధవాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కలపాలని తేల్చేసింది.

మన కేసులో జూన్ 10 ఒకటో రోజు. జూన్ 30కి 21 రోజులు. జూలైలో 31, మొత్తం 52. ఆగస్టు 8కి 60. కాబట్టి ఆగస్టు 8 అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది, ఆగస్టు 9న హక్కు పుడుతుంది. రిమాండ్ రోజును వదిలేసి లెక్కపెట్టేవాళ్లకు ఆగస్టు 9 అరవయ్యో రోజు అవుతుంది. ఆ ఒక్క రోజు తేడాతోనే దరఖాస్తు నిలబడటమో పడిపోవడమో తేలుతుంది.

వేళ్లమీద లెక్కించడం, "రెండు నెలలు" అనుకోవడం, రిమాండ్ పొడిగింపు తేదీని పట్టుకోవడం, మూడూ ప్రమాదమే. మూడోదాని గురించి ఒక మాట. రిమాండ్ వారంటు వెనక వైపు పొడిగింపు తేదీలు వరుసగా ఉన్నాయి: జూన్ 24, జూలై 8, జూలై 22, ఆగస్టు 5. ఆగస్టు 5న మళ్లీ 19 దాకా పొడిగించారు. అది చూసి "19 వరకూ రిమాండ్ ఉందిగా, అప్పటిదాకా ఏం చేయలేం" అని జైల్లో తోటి ఖైదీలు నిందితుడికి చెప్పారు. పొడిగింపు ఉత్తర్వు 61వ రోజును దాటి ఉన్నంత మాత్రాన 187(3) గడువు పెరగదు. ఒకేసారి 15 రోజులకు మించకుండా కస్టడీకి పంపడం ఒక నియమం, మొత్తం కస్టడీ 60 రోజులకు మించకూడదన్నది వేరే నియమం.

ఆగస్టు 6 మెమో

ఆగస్టు 7, గురువారం, కోర్టులో కేసు కట్ట చూడటానికి దరఖాస్తు పెట్టాం. ఛార్జిషీటు లేదు. దానికి బదులు ముందురోజు తేదీతో ఒక పేజీ మెమో కనిపించింది. "దర్యాప్తులో తేలిన విషయముల మేరకు" 316(5) సెక్షన్‌ను చేర్చుతున్నట్టు అందులో ఉంది. నకలు మాకు ఇవ్వలేదు. మెమో మీద మేజిస్ట్రేట్ ఉత్తర్వు కూడా లేదు, "ఫైల్ చేయబడినది" అన్న ఎండార్స్‌మెంట్ మాత్రమే.

316(5) ప్రభుత్వోద్యోగి, లేదా బ్యాంకరు, వర్తకుడు, బ్రోకరు, ఏజెంటు లాంటివారు తమ వ్యాపార క్రమంలో చేసే నమ్మకద్రోహం. పాత ఐపీసీ 409. దీనికి యావజ్జీవం వరకూ శిక్ష ఉంది. అంటే ఒక్క పేజీతో 60 రోజులు 90 అయ్యాయి, గడువు ఆగస్టు 8 నుంచి సెప్టెంబరు 7కి జరిగింది.

ఇలాంటి చోట చాలామంది వెంటనే రాకేశ్ కుమార్ పాల్ తీర్పును తీస్తారు. 2017 నాటి ఆ తీర్పు "10 ఏళ్ల వరకు" శిక్ష ఉన్న నేరాల గురించి, కనీస శిక్ష 10 ఏళ్లు లేని సందర్భాల గురించి. యావజ్జీవం ఒక ప్రత్యామ్నాయంగా ఉన్న నేరానికి అది ఉపయోగపడదు, అక్కడ 90 రోజులే. కాబట్టి 316(5) నిలబడితే మాకు దారి లేదు. శిక్ష ఎంతన్న దాని మీద కాకుండా, ఆ సెక్షన్ ఈ మనిషికి వర్తిస్తుందా అన్నదాని మీదే పోరాడాలి.

మెమో మీద అదే రోజు అభ్యంతరం వేయాలన్న ఆలోచన వచ్చింది. వద్దనుకున్నాం. కారణం: అభ్యంతరం వేస్తే 60వ రోజు మీద మన కన్ను ఉందని చెప్పినట్టే. శుక్రవారం సాయంత్రంలోగా ఆడిట్ నివేదిక లేకుండానే ఛార్జిషీటు పడిపోయేది. మెమోకు జవాబు డిఫాల్ట్ బెయిల్ దరఖాస్తులోనే ఇవ్వవచ్చు, అక్కడే ఇవ్వాలి కూడా.

దరఖాస్తు ఎప్పుడు, ఎలా

ఆగస్టు 8 శుక్రవారం. 9 రెండో శనివారం, కోర్టుకు సెలవు. 10 ఆదివారం. 11 సోమవారం.

శుక్రవారం వేస్తే అది 60వ రోజే, హక్కు ఇంకా పుట్టలేదు. అపరిపక్వమని కొట్టేస్తారు. సోమవారం ఉదయం దాకా ఆగితే పోలీసులకు రెండున్నర రోజులు అదనంగా దొరుకుతాయి. 1994 నాటి సంజయ్ దత్ తీర్పు ప్రకారం ఛార్జిషీటు పడేలోగా వాడుకోకపోతే ఈ హక్కు పోతుంది. వాడుకోవడమంటే ఏమిటన్నది 2001లో ఉదయ్ మోహన్‌లాల్ ఆచార్య తీర్పు, 2020లో ఎం. రవీంద్రన్ తీర్పు తేల్చాయి: జామీనుకు సిద్ధమంటూ దరఖాస్తు పెట్టిన క్షణంలోనే హక్కు వాడుకున్నట్టు. కోర్టు దాన్ని ఎప్పుడు తీసుకుంటుంది, ఎప్పుడు తేలుస్తుంది అన్నదానితో సంబంధం లేదు. రవీంద్రన్ కేసులో ఉదయం దరఖాస్తు, అదే రోజు సాయంత్రం కంప్లయింటు (ఆ కేసులో ఛార్జిషీటు లాంటిది), అయినా హక్కు నిలిచింది.

అందుకే శనివారమే వేశాం. ఈ-ఫైలింగ్‌లో ఉదయాన్నే పెట్టి రసీదు తీసుకున్నాం. అది ఒక్కటే చాలదు. సెలవు రోజు లేదా పని గంటలు దాటాక వచ్చినదాన్ని తర్వాతి పనిదినం నాటిదిగా చూసే ఈ-ఫైలింగ్ నియమాలు ఉండవచ్చు, ఎవరి హైకోర్టు నియమాలు వాళ్లు చూసుకోవాలి. కాబట్టి కాగితం దరఖాస్తును సెలవు రోజు రిమాండ్లు చూసే ఇన్‌ఛార్జి మేజిస్ట్రేట్‌కు స్వయంగా అందించి, "ఆగస్టు 9, ఉదయం 11.20 గంటలకు అందినది" అని సంతకంతో రాయించుకున్నాం. తేదీతో పాటు గంట కూడా రాయమని కోరడం కాస్త మొహమాటంగా ఉంటుంది. అయినా కోరాలి. ఏపీపీకీ, దర్యాప్తు అధికారికీ నకలు పంపి ఆ రుజువూ కట్టలో పెట్టాం.

దరఖాస్తు రెండు పేజీలు దాటలేదు. రిమాండ్ తేదీ, రోజుల లెక్క నెలవారీగా, 60వ రోజు ఏది, దరఖాస్తు వేసే సమయానికి ఛార్జిషీటు లేదన్న మాట, ఎఫ్‌ఐఆర్ సెక్షన్లు, 316(5) ఎందుకు వర్తించదో ఒక పేరా, చివరగా "కోర్టు ఆదేశించిన జామీను సమర్పించడానికి నిందితుడు సిద్ధంగా ఉన్నాడు" అన్న వాక్యం. ఈ ఆఖరి వాక్యం లేకుండా వచ్చే దరఖాస్తులు తరచూ కనిపిస్తాయి. 187(3) పదాల్లోనే "జామీను ఇవ్వడానికి సిద్ధపడి, ఇస్తే" అన్న షరతు ఉంది కనుక ఆ వాక్యం లేని దరఖాస్తు అసంపూర్ణం. నేరం చేశాడా లేదా అన్నదాని మీద ఒక్క ముక్కా రాయలేదు. రాస్తే అది మామూలు బెయిలు పిటిషన్‌లా కనిపిస్తుంది, కోర్టు ఆ దృష్టితోనే చూస్తుంది.

వకాలత్ మీద జైలు సూపరింటెండెంట్ అటెస్టేషన్, రిమాండ్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, ఇద్దరు జామీనుదారుల కాగితాలు జూలై చివరికే సిద్ధం చేసుకున్నాం. శనివారం పొద్దున జైలుకు పరుగెత్తి సంతకం తెచ్చుకోవడం కుదిరే పని కాదు.

మేజిస్ట్రేట్ కోర్టులో

ఇన్‌ఛార్జి మేజిస్ట్రేట్ దరఖాస్తును సోమవారానికి రెగ్యులర్ కోర్టు ముందు పెట్టమన్నారు. సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు ఛార్జిషీటు వచ్చింది, 316(5)తో సహా. అది అందిన సమయాన్ని డాకెట్‌లో నమోదు చేయమని కోరాం, చేశారు.

ఏపీపీ వాదన మూడు అంచెలు. రిమాండ్ రోజును వదిలేస్తే 60వ రోజు ఆగస్టు 9, అది సెలవు, జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ కింద సోమవారం వేసినది గడువులో వేసినట్టే. రెండు, 316(5) ఉంది కాబట్టి అసలు గడువు 90 రోజులు. మూడు, ఛార్జిషీటు వచ్చేసింది కాబట్టి దరఖాస్తు నిరర్థకం.

మొదటిదానికి కపిల్ వాధవాన్ తీర్పు జవాబు. సెలవు మాటకు జవాబు వేరు. 10వ సెక్షన్ వర్తించేది ఒక పనిని ఫలానా గడువులోగా చేయాలని చట్టం చెప్పినప్పుడు. ఛార్జిషీటు ఫలానా రోజులోగా వేయాలని 187(3) చెప్పడం లేదు. ఫలానా రోజు తర్వాత నిర్బంధించకూడదని చెబుతోంది. నిర్బంధం మీద పెట్టిన హద్దుకు ఆదివారాలు కలపడానికి వీల్లేదు. మూడోదానికి రవీంద్రన్ తీర్పు చాలు.

ఆగస్టు 12న మేజిస్ట్రేట్ మొదటి, మూడో అంశాల్లో మాతో ఏకీభవించారు. రెండోదాని మీద దరఖాస్తు కొట్టేశారు. సెక్షన్ సరైనదా కాదా అన్నది ఛార్జి రూపొందించే దశలో చూడాల్సిన విషయమని, దర్యాప్తు అధికారి చేర్చిన సెక్షన్‌ను ఈ దశలో ప్రశ్నించలేమని కారణం.

పని చేసింది

ఆ కారణమే మాకు దారి చూపింది. పోలీసులు ఏ సెక్షన్ రాస్తే దాన్ని బట్టే గడువు ఉంటే, 187(3)లోని హద్దు పోలీసుల చేతిలోకి వెళ్లిపోతుంది. నిర్బంధానికి అనుమతి ఇచ్చేది మేజిస్ట్రేట్. ఆ అనుమతికి ఆధారమైన నేరం రికార్డులో ప్రాథమికంగా కనిపిస్తోందా అని చూడటం ఆయన పనే. నేరం రుజువవుతుందా అని కాదు, రికార్డులో ఉన్న విషయాన్ని ఉన్నట్టు నమ్మినా ఆ సెక్షన్ వర్తిస్తుందా అని మాత్రమే.

సురక్షా సంహిత 438 కింద సెషన్స్ కోర్టులో రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వును సరిచూడమనే పిటిషన్) వేశాం. ఇది మధ్యంతర ఉత్తర్వు, రివిజన్ చెల్లదన్న అభ్యంతరం వస్తుందని ముందే ఊహించి గ్రౌండ్స్‌లోనే జవాబిచ్చాం: ఈ ఉత్తర్వు ఒక హక్కును పూర్తిగా ముగించింది, తర్వాతి దశలో దాన్ని తిరిగి తెచ్చుకునే వీలు లేదు. నేరుగా హైకోర్టుకు 528 కింద వెళ్లే దారి కూడా ఉంది. కింది కోర్టు రికార్డు తెప్పించి పేజీ పేజీ చూపాల్సిన కేసు కాబట్టి సెషన్స్ కోర్టే మేలనుకున్నాం.

వాదన తీర్పుల మీద కంటే మూడు కాగితాల మీద ఎక్కువ నడిచింది. పోలీసులే స్వాధీనం చేసుకుని జాబితాలో రాసిన నియామక పత్రం, జీతం రసీదులు. రెండోది ఆగస్టు 5 నాటి రిమాండ్ పొడిగింపు పిటిషన్. 57వ రోజున వేసిన ఆ పిటిషన్‌లో సెక్షన్లు పాతవే, నిందితుడు "గుమాస్తా"నే. మూడోది ఆగస్టు 6 మెమో. ఈ రెండు తేదీల మధ్య రికార్డులో కొత్త వాంగ్మూలం లేదు, కొత్త పత్రం లేదు. ఒక్క రాత్రిలో గుమాస్తా ఏజెంటు ఎలా అయ్యాడో మెమో చెప్పలేదు.

ప్రాసిక్యూషన్ 1962 నాటి ఆర్.కె. దాల్మియా తీర్పును ముందుకు తెచ్చింది. ఏజెంటు అంటే వృత్తిరీత్యా ఏజెంటే కానక్కర్లేదని అందులో ఉన్న మాట నిజం. అయితే అక్కడి వ్యక్తులు కంపెనీ చైర్మన్, కంపెనీ నిధులతో లావాదేవీలు జరిపే అధికారం పొందిన వ్యక్తి. ఇక్కడ యజమాని చెప్పిన చోట జమ చేయడం తప్ప నిందితుడికి సొంత నిర్ణయాధికారం ఏదీ లేదు, ఫిర్యాదులోనే అలా ఉంది. పైగా గుమాస్తా, సేవకుడు చేసే నమ్మకద్రోహానికి చట్టం విడిగా 316(4) పెట్టింది. సొమ్ము తాకిన ప్రతి గుమాస్తా ఏజెంటే అయితే ఆ ఉపసెక్షన్‌కు పని ఉండదు.

సెప్టెంబరు 3న రివిజన్ అనుమతించారు. రికార్డు ప్రకారం ప్రాథమికంగా 316(4)యే కనిపిస్తోంది కాబట్టి గడువు 60 రోజులు, దరఖాస్తు గడువు ముగిశాక, ఛార్జిషీటుకు ముందు పడింది, హక్కు నిలుస్తుంది అని ఉత్తర్వు.

జామీను షరతుల దగ్గర ఇంకో మలుపు వచ్చింది. ఆరోపించిన సొమ్ములో కొంత డిపాజిట్ చేయించమని ప్రాసిక్యూషన్ అడిగింది. మామూలు బెయిల్లో ఇది తరచూ చూసేదే, కుటుంబం కూడా అప్పు చేసి కట్టడానికి సిద్ధపడింది. వద్దన్నాం. డిఫాల్ట్ బెయిల్‌కు డబ్బు డిపాజిట్ షరతు పెట్టకూడదని 2020లో శరవణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా మోసం కేసే. కోర్టు ఆ కోరికను తిరస్కరించి ఇద్దరు జామీనుదారులతో వదిలింది. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మర్నాడే విడుదల.

ఈ కేసు నుంచి

సెక్షన్ ఆలస్యంగా చేర్చడం దానంతట అదే తప్పు కాదు. 58వ రోజున నిజంగా కొత్త ఆధారం దొరికి, దాన్నిబట్టి పెద్ద నేరం కనిపిస్తే గడువు 90 రోజులే అవుతుంది, ఈ వాదన అక్కడ ఓడిపోతుంది. కాబట్టి చూడాల్సింది మెమో తేదీ కాదు, మెమోకు ముందు రికార్డులో కొత్తగా ఏం చేరిందన్నది. ఇందుకోసం ప్రతి పొడిగింపు పిటిషన్ నకలూ తీసి ఉంచుకోవాలి. అవి ఎవరూ చదవని కాగితాలు. ఈ కేసును గెలిపించినవి అవే.

దరఖాస్తు రాతపూర్వకంగానే ఉండాలన్న నియమం లేదు. నోటిమాటగా అడిగినా చాలని, నిందితుడికి ఈ హక్కు ఉన్నట్టు కోర్టే తెలపాలని రాకేశ్ కుమార్ పాల్ తీర్పులో ఉంది. న్యాయవాది లేని నిందితుడు వీడియో లింకులో రిమాండ్ పొడిగింపుకు వచ్చినప్పుడు "60 రోజులు అయ్యాయి, జామీను ఇస్తాను" అన్న ఒక్క వాక్యం చెప్పినా అది దరఖాస్తే. జైలు సందర్శనకు వెళ్లే న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్లు ప్రతి ఖైదీకీ అతని 60వ, 90వ రోజు తేదీలు కాగితం మీద రాసి ఇస్తే ఎంతోమందికి మేలు జరుగుతుంది. అందుకు కావలసింది రిమాండ్ వారంటు, ఒక క్యాలెండరు.

ఉత్తర్వు వచ్చాక జామీను ఇవ్వడంలో జాప్యం చేస్తే హక్కు చేజారవచ్చు. కోర్టు ఇచ్చిన గడువులో షరతులు నెరవేర్చకపోతే నిర్బంధం కొనసాగడం చట్టబద్ధమేనని రవీంద్రన్ తీర్పు కూడా చెబుతోంది. జామీనుదారుల ఆస్తి విలువ పత్రాలు పాతబడ్డాయని వెనక్కి పంపడం తరచూ జరుగుతుంది కాబట్టి వాటి తేదీలు ముందే చూసుకోవాలి.

డిఫాల్ట్ బెయిల్ వచ్చింది కాబట్టి ఇక తిరుగు లేదనుకోకూడదు. 2023 జనవరిలో సీబీఐ, టి. గంగిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు, ఛార్జిషీటులో బలమైన ప్రత్యేక కారణాలు కనిపిస్తే గుణదోషాల మీద కూడా ఈ బెయిలును రద్దు చేయవచ్చని చెప్పింది. ఛార్జిషీటు వేసినంత మాత్రాన రద్దు కాదు, ఆ అడ్డు ఎత్తుగానే ఉంది. అయినా ఈ నిందితుడికి ప్రతి వాయిదాకూ హాజరు కావాలని, సంస్థ సిబ్బందితో ఫోనులో కూడా మాట్లాడవద్దని రాసి ఇచ్చాం.

ప్రస్తుతం కేసు ఛార్జిషీటు నకళ్లు అందిన దశలో ఉంది. 262 కింద డిశ్చార్జి (విచారణకు ముందే ఆరోపణ నుంచి తప్పించమనే) దరఖాస్తుకు, నకళ్లు అందిన రోజు నుంచి 60 రోజుల గడువు నడుస్తోంది. సెషన్స్ కోర్టు చెప్పింది ప్రాథమిక అభిప్రాయమే కాబట్టి 316(5) వర్తించదన్న వాదనను అక్కడ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఈసారి ఆడిట్ నివేదికను కూడా ఎదుర్కొంటూ చేయాలి.